కొయ్యని నత్త

మాస్టారు వచ్చేసరికి ఆమె ఎవరిదో ఒక పేరును ముంచే పనిలో ఉంది.

ముంచడమంటే నీళ్లలో కాదు. జీవులకు శాస్త్రీయంగా పేర్లు పెట్టేవాళ్ల లోకంలో ఒక కట్టుబాటుంది. ఒకే నత్తకు ఇద్దరు మనుషులు రెండు పేర్లు పెడితే ముందు అచ్చయిన పేరే చెల్లుతుంది. వెనకొచ్చిన పేరు ఎంత గొప్పవాడు పెట్టినా, ఎంత ప్రేమగా పెట్టినా చెల్లదు. చెల్లదని రుజువు చేసి అచ్చు వేయించడాన్నే ముంచడం అంటారు. అందులో ఆమెది అందె వేసిన చెయ్యి. మ్యూజియంలో తోటివాళ్లు చాటుగా 'ముంపు మేడమ్' అని పిలుచుకునేవాళ్లు. చాటుగానే అంటున్నామని వాళ్ల నమ్మకం. ఆమెకు తెలుసు, తెలిసి లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

నమూనాల జాడీల గది చూసుకునే ఆవిడ తలుపు సగం తీసి తల లోపలికి పెట్టింది.

"మేడమ్, ఎవరో రిటైరైన కాలేజీ మాస్టారట. పోయిన నెల మీ వ్యాసంలో వాళ్ల నత్త ఉందంటున్నారు."

"నా దగ్గరికొచ్చేవన్నీ ఎవరో ఒకరి నత్తలే. రమ్మను."

చంకలో పాత రేకు పెట్టె పెట్టుకుని, మెడ దాకా చొక్కా గుండీలు పెట్టుకున్న సన్నటి మనిషి లోపలికొచ్చాడు. ఆమె "కూర్చోండి" అంది గానీ కుర్చీ నిండా పుస్తకాలున్నాయి. ఆమె వాటిని తీయలేదు. ఆయన అటూ ఇటూ చూసి, సింకు పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఎవరో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. కూతురు పోయాక ఆ పిల్ల పేరు మీద ఒక నత్తను ప్రకటించిన మనిషి. ఆ సంగతి ఆయన వ్యాసం చివర ఒకే ఒక్క వాక్యంలో ఉంది. ఆమె ఆ నత్తను కోసి చూసి, అది తొంభై ఏళ్ల కిందటే పేరు పెట్టిన నత్త అని తేల్చింది. తేల్చి ఊరుకుంటే సరిపోయేది. "దుఃఖం జాతి లక్షణం కాదు" అని కూడా రాసింది. ఆ వాక్యం ఈ పని చేసేవాళ్లందరి నోళ్లలోనూ పడింది. భలే చురక పెట్టారని నలుగురైదుగురు ఉత్తరాలు కూడా రాశారు.

మనిషి పోట్లాటకు వచ్చాడనుకుని ఆమె జవాబులన్నీ సిద్ధం చేసుకుంది.

"మీ వ్యాసం చదివానండి. నిజమే రాశారు. నేను చూసుకోవాల్సింది" అన్నాడాయన.

నడుం బిగించి వీధిలోకి వస్తే ఎదుటివాడు తలుపేసుకుని పడుకున్నట్టయింది ఆమెకు.

"ఇవి నా దగ్గర మిగిలినవండి" అంటూ పెట్టె బల్ల మీద పెట్టాడు. "సరైన పేరు కింద మీ దగ్గరే ఉంచేయండి. పెట్టె మాత్రం మంగళవారం వచ్చి పట్టుకెళ్తాను. అది మా అమ్మాయి రంగు పెన్సిళ్లు పెట్టుకున్న పెట్టె." చెయ్యి పెట్టె మీద నుంచి తీయకుండానే అడిగాడు. "ఒక్కసారి టైపును చూడొచ్చాండి?"

టైపంటే పేరుకు సాక్షి. కొత్త పేరు పెట్టేటప్పుడు ఒకే ఒక్క నమూనాను ఎంచి, ఎర్ర లేబులు పెట్టి, పదిమందికీ అందుబాటులో దాచాలి. పేరు కట్టుబడేది ఆ ఒక్కదానికే. పెట్టినవాడు మనసులో ఏది అనుకున్నా, పక్కన ఎన్ని నమూనాలు చూపించినా లెక్కలోకి రావు. ఆమె ఈ సూత్రాన్ని కుర్రవాళ్లకు ఎన్నిసార్లు అప్పజెప్పిందో. ఇప్పుడు మాస్టారికి కూడా అప్పజెప్పింది, ఆయన అడక్కపోయినా.

జాడీల ఆవిడ చిన్న గాజు సీసా తెచ్చిపెట్టింది. ఆయన దాన్ని వెలుతురుకెత్తి చూశాడు. స్పిరిట్లో గోధుమ రంగు నత్త, దాని పక్కన తన చేతిరాతతో ఎర్ర లేబులు.

"ఈ లేబులు తీసేస్తారాండి?"

"తీయం. పాత లేబులు ఎప్పుడూ తీయకూడదు. దాని కింద ఇంకోటి పెడతాం, అంతే."

"పోనీలెండి, ఉంటుంది." సీసాను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "చిప్ప చూసి రాసేశానండి. లోపల చూసుంటే అప్పుడే తెలిసేది. కానీ అమ్మాయి పేరు పెడదామనుకున్నాక దీన్ని కొయ్యడానికి చెయ్యి రాలేదు."

"చెయ్యి రాకపోతే కలం కూడా ఎత్తకూడదండీ" అంది ఆమె.

"అవునండి" అన్నాడాయన. లేచి, స్టూలును మళ్లీ సింకు పక్కనే పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లేసరికి అత్తగారు కుర్చీ ఎక్కి గోడ మీది పటానికి గాజు తుడుస్తోంది. అత్తగారు రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగం మానేసి ఏళ్లయినా, చింత చచ్చినా పులుపు చావనట్టు, ఆ గొంతులో ఇంకా "ముందుకి జరగండి" అనే అదిలింపు పోలేదు.

పటంలో ఉన్నది నత్త. రెండేళ్ల కిందట కోడలు కనిపెట్టి అత్తగారి పేరుకు లాటిన్ తోక తగిలించి లోకానికి ప్రకటించిన కొత్త నత్త. మొదట్లో ఆవిడ మండిపడింది. సర్వీసంతా ఒక్క పూట లేటుగా బండి తీయని మనిషి పేరు దొరికి దొరికి నత్తకు పెడతావా అంది. తర్వాత, లోకం ఉన్నన్నాళ్లూ ఆ పేరుంటుందని తెలిసి మెత్తబడింది. ఆ తర్వాత పటం కట్టించింది. ఇప్పుడు ఇంటికొచ్చిన ఏ మనిషీ ఆ నత్త దర్శనం కాకుండా గడప దాటి వెళ్లలేడు.

"శనివారం మా డిపోవాళ్లొస్తున్నారు" అంది అత్తగారు, గాజు మీద నోటితో ఆవిరి ఊది తుడుస్తూ. "ఈ తెల్ల మచ్చ పోదేంటే? గాజు మీదా, నత్త మీదా?"

"నత్త మీదే అత్తయ్యా. అంచు దగ్గర ఉంటుంది."

"పుట్టుమచ్చన్నమాట. నాకూ ఉందిలే మోచేతి మీద."

భర్త పేపరు వెనకాల నుంచి, "అమ్మా, పోలికలు కుదిరాయి. నడక ఒక్కటే తేడా" అన్నాడు. ఆవిడ తుడిచే గుడ్డ కొడుకు మీదికి విసిరింది.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే పటం వైపు చూసింది. చిప్ప ఎక్కడా పెచ్చు లేకుండా నిగనిగలాడుతోంది. ఆనాడు వానలో ఒకే కుళ్లిన దుంగ కింద ఐదు నత్తలు దొరికాయి. నాలుగింటిని కోసింది. ఐదోది అన్నింటికన్నా అందంగా ఉంది. కోస్తే ఆ పల్చటి అంచు ఎక్కడ విరుగుతుందో అని, ఫొటోకు బాగుంటుందని, అత్తగారు చూసి సంతోషిస్తుందని దాన్నే టైపుగా పెట్టింది.

దాన్ని మాత్రం కొయ్యలేదు.

శుక్రవారం పొద్దున్నే జాడీల గదిలోంచి తన టైపు సీసా తెచ్చుకుంది. "కేటలాగుకా మేడమ్?" అని జాడీల ఆవిడ అడిగితే, "ఊఁ" అంది. తన నత్తను తానే అనుమానిస్తున్నానని చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది.

కొక్కెం సూదిని చిప్ప నోట్లోంచి లోపలికి పోనిచ్చి, మరమేకు ఊడదీసినట్టు మెల్లగా సుడి వెంబడే తిప్పింది. మెత్తటి శరీరం తెగకుండా మొత్తం బయటికొచ్చింది. చిప్ప అంచుకు ఏమీ కాలేదు. ఇంత సులువైన పనిని ఆనాడు ఎందుకు వాయిదా వేసిందో తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే చిరాకేసింది. మైనం పళ్లెంలో దాన్ని పరిచి, అటూ ఇటూ సూదులు గుచ్చి, చర్మం కోసి, మడతలు విప్పి మైక్రోస్కోపు కింద పెట్టింది.

చూడాల్సింది ఒక్కటే. తోటల్లో మొక్కల్ని మేసే మామూలు నత్తకు, జత కట్టే అవయవాల పక్కన చిన్న సంచి ఉంటుంది. ఆమె కనిపెట్టిన నత్తకు అది ఉండదు. పైకి చిప్ప చూస్తే రెండూ అచ్చు గుద్దినట్టుంటాయి. ఆ సంచి లేకపోవడం మీదే ఆమె వ్యాసమంతా నిలబడి ఉంది.

సంచి ఉంది.

కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. పళ్లెం తిప్పి అటు నుంచి చూసింది. సూది మొనతో కదిపి చూసింది. నిండుగా, ఎవరికైనా కనిపించేటంత స్పష్టంగా ఉంది.

కొత్త నత్త అబద్ధం కాదు. మిగతా నాలుగూ నిజంగానే కొత్తవి. కానీ ఆమె పెట్టిన పేరు ఆ నాలుగింటికీ చెందదు. ఎర్ర లేబులున్న దీనికే చెందుతుంది. ఇదేమో వందేళ్లుగా పేరున్న తోట నత్త. నా ఉద్దేశం ఆ నాలుగేనండీ అని ఎవరికి చెప్పుకుంటుంది? ఉద్దేశాలు లెక్కలోకి రావని నిన్ననే, ఇదే బల్ల దగ్గర, స్టూలు మీద కూర్చున్న ముసలాయనకు పాఠం చెప్పింది. చెయ్యి రాకపోతే కలం ఎత్తకూడదని కూడా చెప్పింది. ఆ మాటలన్నీ ఇప్పుడు తిరిగొచ్చి చెవుల్లో పడుతుంటే తల కొట్టేసినట్టయింది. గదిలో ఎవరూ లేరు. అయినా ముఖం ఎత్తుకోలేకపోయింది.

దుఃఖం జాతి లక్షణం కాదట. మురిపెం అవుతుందా మరి?

తర్వాత చేసిన పని ఆలోచించి చేసింది కాదని తర్వాత్తర్వాత తనకు తాను చెప్పుకోవాలని చూసింది గానీ, అది నిజం కాదు. ఆలోచించే చేసింది. ఈ నత్తల మీద పనిచేసేవాళ్లు లోకం మొత్తం మీద గుప్పెడుమంది. వాళ్లలో ఎవరూ ఈ సీసా తెరవడానికి రారు. ఆమె మిగతా నాలుగింట్లోంచి చారలు కలిసే నత్తను ఒకదాన్ని ఎంచి, దాని చిప్పనూ శరీరాన్నీ ఎర్ర లేబులున్న సీసాలోకి దింపింది. అసలు టైపును ఆ నాలుగు ఉండే సీసాలో వేసింది. రెండు మూతలూ బిగించింది. చేతులు కడుక్కుంది. తుడుచుకుని మళ్లీ సబ్బుతో కడుక్కుంది.

ఒక్క చిక్కుంది. అచ్చయిన ఫొటోలో అంచు దగ్గర తెల్ల మచ్చ ఉంది, ఈ కొత్తదానికి లేదు. అలా ఫొటో పక్కన పెట్టుకుని టైపును పోల్చి చూసే మనిషి ఈ రంగంలో ఒక్కతే ఉంది. ఆ మనిషి తనే.

జాడీల ఆవిడకు అలవాటుంది. సీసా తిరిగొచ్చిందంటే నంబరు చూసి, మూత చూసి, లోపలిది అదేనో కాదో చూసి గానీ అరలో పెట్టదు. ఆ సాయంత్రం మాత్రం చూడలేదు.

"మీది కదా మేడమ్, చూసేదేముంది" అని అరలోకి తోసేసింది.

శనివారం డిపోవాళ్లొచ్చారు. ఇద్దరు రిటైరైన కండక్టర్లు, వాళ్లతో ఒక లావుపాటి డ్రైవరు. ఆ డ్రైవరు బండిలోనే అత్తగారు సర్వీసు సగం గడిపింది. హాలు సరిపోలేదు. నవ్వులు వీధిలోకి వినిపిస్తున్నాయి. కోడలు టీ కప్పులు అందిస్తూ, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా తిరుగుతోంది.

అత్తగారు పటం కింద నిలబడి, బస్సులో వెనక సీటుకు వినబడేలా మొదలుపెట్టింది.

"ఊరికే పెట్టేస్తారనుకున్నారా పేర్లు? ముందు పెట్టినవాళ్లదే చెల్లుతుంది. కిటికీలోంచి రుమాలు ముందెవరేస్తే వాళ్లదే సీటు."

"వెనకొచ్చినవాడు గొడవపడితే?" అన్నాడు డ్రైవరు.

"పడనీ. దానికే కదా సాక్షి ఉంది! ఒక నత్తని ఎంచి, ఎర్ర చీటీ పెట్టి సీసాలో దాస్తారు. లోకంలో ఎవడికి అనుమానమొచ్చినా వచ్చి చూసుకోవచ్చు. దాన్ని మార్చడానికి ఎవరికీ హక్కు లేదు, కనిపెట్టిన మనిషికైనా సరే. అవునా కాదా?" అని కోడలి వైపు తిరిగింది.

"అవునత్తయ్యా" అంది ఆమె. చేతిలో ట్రే ఒక పక్కకు ఒరిగి చెంచా ఒకటి కింద పడింది. దాన్ని తీయడానికి వంగి, కావలసినదానికంటే ఎక్కువసేపు వంగే ఉండిపోయింది.

"ఇంత నిక్కచ్చి కోడల్ని ఎక్కడ పట్టావే?" అంది ఒక కండక్టరు.

"అత్త మాత్రం తక్కువ తిందా?" డ్రైవరు అందుకున్నాడు. "అమ్మాయ్, నీకు చెప్పిందో లేదో, వాళ్లమ్మని ఓసారి టికెట్ కొట్టకుండా ఎక్కించుకుంది. నా బండిలో నా తల్లికి టికెట్టేంటని గొప్ప. ముందు స్టాపులో చెకింగాయన ఎక్కాడు. ముసలావిడని చూసి, పెద్దావిడ కదా అని అడక్కుండానే దాటిపోయాడు. బతికిపోయాం అనుకున్నా నేను. ఈవిడగారు వెనక నుంచి కేకేసింది, 'సార్, ఆవిడ దగ్గర టికెట్ లేదు, మా అమ్మ!' అని. వారం రోజులు సస్పెన్షన్. బండి బండంతా నవ్వారు!"

అందరూ పడి పడి నవ్వారు. అత్తగారు కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "మా అమ్మ నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు" అంది.

కోడలు ట్రే పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, కడిగిన కప్పుల్నే మళ్లీ కడిగింది.

ఆదివారం పొద్దున అత్తగారు ఒంటరిగా పేపరు చదువుకుంటుంటే కోడలు పక్కన కూర్చుని మొత్తం చెప్పేసింది. మాస్టారి గురించి, స్టూలు గురించి, తను రాసిన వాక్యం గురించి, సంచి గురించి చెప్పింది. సీసాలు మార్చిన సంగతిని చివరిదాకా దాటేసుకుంటూ వచ్చింది. అయినా చెప్పింది.

అత్తగారు పేపరు మడిచింది. దాన్ని ఇంకా ఇంకా చిన్నగా మడుస్తూ పోయింది.

"అంటే ఆ సీట్లో ముందే ఎవరో కూర్చుని ఉంటే, పోయి వాళ్ల ఒళ్లో నన్ను కూర్చోబెట్టావన్నమాట."

ఆవిడ మడిచిన పేపరును పక్కన పడేసింది.

"పోనీ, అది పొరపాటు. నిన్న అందరి ముందూ నేనట్లా వాగుతుంటే తెలిసే విన్నావు కదే. ఆపలేదు."

"సిగ్గేసిందత్తయ్యా."

"ఇప్పుడు నాకేస్తోంది." ఆవిడ లేచింది. "ఆ నత్తెక్కడుంది?"

"వేరే సీసాలో."

"చెప్పులేసుకో."

ఇద్దరూ బస్సెక్కారు. ఖాళీ సీట్లున్నా అత్తగారు దారి పొడవునా కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. కోడలితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మ్యూజియంలో కాపలావాడితో తాళం తీయించుకుని గదిలోకి వెళ్లారు. అత్తగారు చేతులు కట్టుకుని నిలబడి చూస్తుండగా, ఆమె రెండు సీసాలూ తెరిచి, దేన్ని ఎక్కడి నుంచి తీసిందో అక్కడే పెట్టింది. అంచు దగ్గర తెల్ల మచ్చ ఉన్న నత్త ఎర్ర లేబులు పక్కకు చేరింది.

"నా పేరు గలదేనా ఇది?" అత్తగారు మైక్రోస్కోపులోకి వంగింది. "తోటల్లో మొక్కలు మేసేది?"

"అదే."

"బాగా బలిసింది." కాసేపు చూసి, రెండో సీసా వైపు చెయ్యి చూపించింది. "మరి వీటికేం పేరు?"

"ఇప్పుడు లేదత్తయ్యా. కొత్తది పెట్టాలి."

"నాది వీటికి మార్చడానికి లేదా?"

"లేదు. ప్రతి నత్తకీ ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు ఉంటాయి. ఒక ఇంటిపేరు కింద ఒకసారి వాడిన పేరు, చెల్లకపోయినా సరే, మళ్లీ వాడకూడదు."

"చింపిన టికెట్టన్నమాట." ఆవిడ గొంతులో కండక్టరు పోయి, మామూలు ముసలావిడ మిగిలింది. పటం తుడిచిన ఆ చేతుల్ని కోడలు చూడలేక కిటికీ వైపు తిరిగింది.

"మాస్టారి అమ్మాయి పేరు మాత్రం పెట్టొచ్చు" అంది మెల్లగా. "ఆ నత్త ఇంటిపేరు వేరు. ఆయన కోసం ఆ పని చేద్దామనుకుంటున్నా."

"ఆయన్ని అడిగి పెట్టు" అంది అత్తగారు. "నన్నడక్కుండా పెట్టావు."

ఆ సాయంత్రం ఆవిడ డిపోవాళ్లకు వరసగా ఫోన్లు చేసింది. పక్క గదిలో ఉన్న కోడలికి ప్రతి మాటా వినిపించింది. "నిన్న చెప్పింది తప్పు. ఆ నత్తకి ముందే పేరుందట. ఆ, నాది చెల్లదు... లేదు లేదు, మా కోడలు సరిగ్గానే చెప్పింది, నాకే అర్థం కాలేదు. వయసు మీద పడిందిగా." అవతల వాళ్లు నవ్వినట్టున్నారు. ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు వింటూ, అరిచి చివాట్లు పెట్టినా ఇంతకన్నా హాయిగా ఉండేదనుకుని, కోడలు చీకటి పడ్డా దీపం వేసుకోకుండా కూర్చుంది.

మంగళవారం మాస్టారు వచ్చేసరికి కుర్చీ మీద పుస్తకాలు లేవు. రేకు పెట్టె ఖాళీ చేసి, తుడిచి బల్ల అంచున పెట్టింది. ఆయన అలవాటుగా స్టూలు వైపు నడుస్తుంటే కుర్చీ ముందుకు జరిపింది. ఆయన కూర్చున్నాడు గానీ ఆ కుర్చీలో ఇమడలేనట్టే ఉన్నాడు.

ఆమె తన నత్త సంగతి చెప్పింది. తన పేరును తానే ముంచుతూ రాసిన వ్యాసాన్ని ఆయన ముందు పెట్టింది. ఆయన ముఖంలో సంతోషం కనబడుతుందేమోనని భయపడింది. కనబడితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన చివరిదాకా చదివి, కాగితాలు సర్ది, "పాపం, మీ అత్తగారికి చెప్పారా?" అని అడిగాడు.

"చెప్పానండి." తలెత్తకుండానే అంది. "మీ గురించి ఆ వాక్యం రాయకుండా ఉండాల్సింది. తప్పు చేశాను."

"అచ్చయింది కదండీ. ఇక తీయడానికి లేదు."

ఆ మాటలో కోపం లేదు. ఉన్న సంగతే చెప్పాడు. ఆమెకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

ధైర్యం కూడదీసుకుని ఆ నాలుగు నత్తలున్న సీసా ఆయన ముందుకు జరిపింది. "దీనికింకా పేరు లేదండి. మీరు ఒప్పుకుంటే మీ అమ్మాయి పేరు పెడతాను. ఈసారి కోసి చూశాను. ఎప్పటికీ ఎవరూ ముంచలేరు."

మాస్టారు వేలితో రేకు పెట్టె మూతను సవరిస్తూ ఉండిపోయాడు. ఆయన కళ్లు తడిసే సమయం వచ్చిందనుకుంది ఆమె. ఆయన తలెత్తినప్పుడు కళ్లు పొడిగానే ఉన్నాయి.

"వద్దమ్మా" అన్నాడు. అప్పటిదాకా ఆమెను 'అండి' అన్న మనిషి. "ఆనాడు నేను నత్తని చూడలేదు, మా అమ్మాయిని చూశాను. ఇవాళ మీరూ నత్తని చూడట్లేదు, నన్ను చూస్తున్నారు. దుఃఖంతో పెట్టకూడదని రాశారు, నిజమే. సిగ్గుతో పెట్టొచ్చా?"

ఆమె ముఖం కందగడ్డలా అయింది. ఇచ్చేదేదో ఇచ్చి బరువు దింపుకుందామనుకుంది. ఆయన ఆ బరువును తిరిగి ఆమె చేతుల్లోనే పెట్టాడు. నేల చీలితే దిగిపోదామనిపించింది. కానీ నేల చీలదు కాబట్టి అక్కడే కూర్చుంది.

"ఏదీ, చూపించండి దాన్ని" అన్నాడాయన.

ఆమె నత్తలను ఒక్కొక్కటే గాజు పళ్లెంలోకి తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వంగాడు.

"సుడులు దగ్గర దగ్గరగా ఉన్నాయి... అంచు పల్చగా ఉంది. ఎక్కడ దొరికాయి?"

"కుళ్లిన దుంగ కిందండి. వానలో."

"అయితే దుంగ పేరే పెట్టండి. వెతుక్కునేవాళ్లకి పనికొస్తుంది." తలెత్తకుండానే అడిగాడు. "టైపు ఏది చేస్తారు?"

ఆమె చెయ్యి అలవాటుగా నాలుగింట్లోకీ నున్నగా ఉన్నదాని మీదికి వెళ్లింది. మధ్యలో ఆగింది. పక్కన అంచు విరిగి, రంగు వెలిసి, పూర్తిగా ఎదిగిన నత్త ఉంది. కోసినప్పుడు లోపలిదంతా అన్నింటికన్నా స్పష్టంగా కనబడింది దానిలోనే.

"ఇది" అంది.

"ఊఁ" అన్నాడాయన.

రేకు పెట్టె చంకలో పెట్టుకుని లేచి, తలుపు దాకా వెళ్లి, ఆగాడు. "మా అమ్మాయి నత్త కింద కొత్త లేబులు పెట్టేశారా?"

"లేదండి. ఇంకా..."

"పెట్టేయండి. చూసి వెళ్తాను."

ఆమె లేబులు కాగితం మీద తొంభై ఏళ్ల కిందటి ఆ పాత పేరును పెన్సిలుతో రాసింది. ఆయన వంగి అక్షరం అక్షరం చదివి, సరేనన్నాడు. ఎర్ర లేబులు కింద దాన్ని దింపి మూత బిగించింది. తర్వాత తన సీసా తీసుకుంది. దానికీ ఒక లేబులు రాసింది. తోటల్లో మొక్కల్ని మేసే ఆ నత్త పేరు, కింద ఈనాటి తేదీ, తేల్చిన మనిషిగా తన పేరు. కాగితాన్ని పట్టకారుతో పట్టుకుని సీసా నోట్లో పెట్టబోయింది. చెయ్యి వణికి కాగితం అంచుకు తగిలి వంగింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ తగిలింది.

మాస్టారు రేకు పెట్టెను బల్ల మీద పెట్టి, సీసాను రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు.